కింద విన్నది పైన చెప్పకూడదు

శుద్ధ పాడ్యమి

ఈ లాగ్‌బుక్ ఇన్నాళ్లూ నా మొగుడు పేర్రాజు రాసేవాడు. ఆయన పోయాడు కాబట్టి తెచ్చి నా ఒళ్లో పడేశారు. ఎలా రాయాలో పంటు పెద్ద కనకారావు బాబాయ్ చెప్పాడు. గాలి, అల, గొట్టంలో ధార, దిగినవాళ్ల పేర్లు, అంతే, ఇంకేం రాయకమ్మా అన్నాడు. సరే. గాలి తూర్పు నుంచి. అల మామూలు. ధార సన్నగిల్లింది. ఎవరూ దిగలేదు.

రాయమన్నది రాసేశాను. పేజీ ఇంకా ఖాళీగా ఉంది. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. కాబట్టి బాబాయ్, నువ్వు చదివి మొహం చిట్లించుకున్నా సరే, ఈ ఖాళీలో నా ఏడుపు నేను ఏడుస్తాను.

పొద్దున్నే నీటి గది తెరిచి వడపోత తెరలు కడిగి ఆరేశాను. పైనీళ్లు ఎర్రపాచి పట్టి విషమైపోయాయి. నీళ్ల మీద తేలే పంట్లని గొలుసులతో కట్టుకున్న మా ఊరు తాగేదంతా అడుగు నుంచి తోడిందే. కింద మునిగిపోయిన పాత ఊరి ట్యాంకు పక్కన మా గొట్టం మూతి ఉంది, దానికి ఇనప జాలీ ఉంది. ఆ జాలీకి గుల్లలు పట్టేస్తాయి. ఎవరో ఒకరు దిగి గీకాలి. ఒకప్పుడు ఆ పని మర చేసేదట. దాని సామాన్లు దొరక్క మూలన పడేస్తే ఇప్పుడు అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

దిగేది నేనూ, పేర్రాజు చెల్లెలు మరిడమ్మా. మా ఇద్దరికీ పైన కూర్చుని కథ చెప్పేది పేర్రాజు. కింద ఒక లోతు ఉంది, దాన్ని నిద్దర నీళ్లంటాం, అది దాటాక ఊపిరి బాగానే ఆడుతుంది, గుండె బాగానే కొట్టుకుంటుంది, బుర్ర మాత్రం ఎటో పోతుంది. ఇంట్లో మంచం మీద పడుకున్నాననుకుని మనిషి తన చేత్తో తనే మాస్కు ఊడదీసుకుంటుంది. అందుకని పైనున్నవాళ్లు వైరులో కథ చెబుతూ ఉండాలి, కింద ఉన్నవాళ్లు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందా, గిరక తిప్పి లాగేస్తారు.

తెలిసిన కథ దింపకూడదు. తెలిసిన కథకి మనిషి మత్తులో కూడా ఊ కొట్టేస్తుంది. ప్రతిసారీ కొత్త కథ కట్టాలి కాబట్టి మా ఊళ్లో కథల్ని తాగే నీళ్ల కన్నా పొదుపుగా వాడతారు. పైన పంట్ల మీద ఎవరూ కథ చెప్పరు. పిల్లలకి కూడా చెప్పరు. కింద విన్నది పైకొచ్చి చెప్పటం మహా తప్పు.

పెళ్లయిన కొత్తలో మా అమ్మ అడిగింది, మీ ఆయన నీతో బాగా మాట్లాడతాడా అని. ఇంట్లో మాట్లాడడు, నీళ్లల్లో మాట్లాడతాడు అన్నాను. నిజం అదే. ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నేను అరిచినా, అలిగినా కంచం ముందు తల వంచుకుని తినేసి లేచిపోయేవాడు. అదే నేను కిందికి దిగితే ఇక చెవిలో పండగే. నవ్వించేవాడు, ఏడిపించేవాడు, ఎక్కడలేని మనుషుల్నీ తెచ్చి నా ముందు నిలబెట్టేవాడు. నా కాపురమంతా నీళ్ల కిందే జరిగింది. పైన ఈ ఇంట్లో ఆయన వస్తువులున్నాయి గానీ, ఆయన ఇక్కడ ఎప్పుడూ పెద్దగా లేడు. ఏ మూల చూసి ఏడవాలో కూడా తెలియడం లేదు.

శుద్ధ చవితి

ధార ఇంకొంచెం తగ్గింది. కథ చెప్పగలవాళ్లెవరైనా ఉన్నారేమోనని బాబాయ్ ఊళ్లోవాళ్లని వరసగా కూర్చోబెట్టాడు. వినటానికి నన్నూ మరిడినీ కూర్చోబెట్టాడు.

వలలు అల్లే సూరమ్మ తన కోడలి మీద నేరాలు చెప్పింది. చెప్పటం బాగానే చెప్పింది గానీ ఎవరు ఎవరితో ఏమన్నారో మాకు అర్థమయ్యేలోపు ఆవిడే ఏడ్చేసింది. డాక్టరు గారు పిత్తాశయం ఎలా పనిచేస్తుందో చెప్పారు. చేపలు ఎండబెట్టే గవర్రాజు ఒక రాజు ఉండేవాడన్నాడు. తర్వాత అన్నాను. చచ్చిపోయాడన్నాడు. ఆ తర్వాత మావైపు బిత్తరచూపులు చూస్తూ ఉండిపోయాడు. పాపం వాళ్లని అని ఏం లాభం. కథ అనేది చెవిన పడకుండా పెరిగినవాళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు. పక్క ఊళ్లల్లో చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, ఎవరి మనిషి వాళ్లకి కావాలి.

ఎవరో రికార్డులు వేసుకుని దిగొచ్చు కదా అన్నారు. నాకు ఒళ్లు మండింది. రికార్డు నా ఊ వినదు. నేను చచ్చినా అది చెప్పుకుంటూ పోతుంది.

శుద్ధ అష్టమి

అష్టమికి నీటి లాగుడు తగ్గుతుంది, దిగటానికి అదే అదను. నేను దిగుతానన్నాను. బాబాయ్ చెబుతానన్నాడు. కథ రాదు కాబట్టి పంటు నిబంధనల పుస్తకం తెచ్చుకున్నాడు. గొలుసులకి ఎవరు నూనె రాయాలి, గాలివాన వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలి. మొదటి పేజీకి ఊ కొట్టాను. రెండో పేజీకీ కొట్టాను.

ఆ తర్వాత బాబాయ్ గొంతు వెనక పేర్రాజు గొంతు వినిపించింది. మాటలు తెలియలేదు గానీ అది ఆయనే, కథ రసపట్టుకి వచ్చినప్పుడు గొంతు తగ్గించి చెప్పే తీరు అది. దగ్గరికి వెళితే వినపడేలా ఉంది. మధ్యలో ఈ మాస్కు అడ్డంగా ఉంది. నా చెయ్యి బిగింపు మీద పడిందని నాకు తెలుసు. ఆ బిగింపు తీస్తే ఏమవుతుందో కూడా ఎక్కడో తెలుసు. తెలిసినా పెద్ద విషయంగా అనిపించలేదు.

కళ్లు తెరిచేసరికి పంటు మీద వెల్లకిలా ఉన్నాను. చుట్టూ మొహాలు. వాళ్లందరినీ బూతులు తిట్టాను. ఇంకాసేపు ఉండనిస్తే వాళ్ల సొమ్మేం పోయేది. మరిడి నా పాదాలు రుద్దుతూ నా వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఇకమీదట నేను దిగటానికి వీల్లేదని బాబాయ్ తేల్చేశాడు. ఈ పుస్తకంలో ఆ సంగతి నన్నే రాయమన్నాడు. రాశాను.

శుద్ధ ద్వాదశి

ఇంటికి పూటకో బిందె నీళ్లిచ్చేవాళ్లం. ఇవాళ్టి నుంచి రోజుకో బిందె. నీటి గది ముందు నేనే నిలబడి పోయాలి. నన్నెవరూ ఏమీ అనటం లేదు. కొత్త ముండమోపిదని జాలి. ఆ జాలితో బిందె తీసుకుని, అడుగున వెలితి చూసుకుని, మళ్లీ నా మొహం చూసి నడిచిపోతున్నారు. అంతకంటే తిట్టినా బాగుండును.

మధ్యాహ్నం మరిడి వచ్చింది. నా కంటే పదేళ్లు చిన్నది, పెళ్లి చేసుకోలేదు, అన్నయ్యలాగే పైన తక్కువ మాట్లాడుతుంది. తను దిగుతుందట. నన్ను చెప్పమంది. నవ్వొచ్చింది నాకు. పందొమ్మిదేళ్లు ఊ కొట్టినదాన్ని, చెప్పటం నాకేం వచ్చు. నా నోట్లోంచి వచ్చేవి రెండే, ఊ ఒకటి, తిట్టు ఒకటి.

"ఇన్నేళ్లు ఇన్నావు కదా వదినా. అయ్యే సెప్పు."

"కింద విన్నది పైన చెప్పకూడదే."

"పైనెవరికీ సెప్పొద్దు. నేను కిందే ఉంటాను కదా. కిందికి సెప్పు."

సాయంత్రం బాబాయ్‌ని అడిగితే ఆయన గడ్డం గోక్కుని, అలాగైతే తప్పేం లేదనుకుంటాను అన్నాడు. పేర్రాజు నాకు చెప్పిన కథలు మరిడి వినలేదు. పైకొచ్చాక నేను ఎవరికీ చెప్పలేదు. కాబట్టి అవన్నీ దానికి కొత్తవే. అందరికీ ప్రాణం లేచొచ్చింది. నాకు మాత్రం నా పెట్టె తీసి నా పట్టుచీర ఊరందరికీ ఇస్తున్నట్టుంది. అవి నా కోసం కట్టినవి. ఆయన నాతో మాట్లాడిన మాటలంటూ ఉంటే అవే.

బహుళ సప్తమి

నాలుగు వాక్యాల్లో రాయమంటే ఇలా రాస్తాను. మరిడి దిగింది. నేను చెప్పాను. జాలీ తెరుచుకోలేదు. మరిడి బతికింది.

మొదటి కథ ఏది దింపాలా అని పౌర్ణమి నుంచీ ఆలోచించాను. పెళ్లయిన వారానికి ఆయన చెప్పింది ఎంచుకున్నాను. మేకలకి చొక్కాలు కుట్టే దర్జీ కథ. ఆ దర్జీకి ఒక కూతురుంటుంది. నవ్వొచ్చినప్పుడల్లా నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వుతుంది. నేనూ అలాగే నవ్వుతాను. అంటే నేనలా నవ్వటం ఇంట్లో ఆయన చూశాడనీ, చూసి దాచుకున్నాడనీ ఆ రోజే నాకు తెలిసింది. కింద జాలీ పట్టుకుని సిగ్గుపడ్డాను, నీళ్లల్లో సిగ్గు ఎవరికి కనపడుతుంది గనక.

చెప్పటం మొదలుపెట్టాను. వైరులో మరిడి ఊ అంది. కొంచెం ధైర్యం వచ్చింది. మేకల చొక్కాలకి బొత్తాలు ఎవరు పెట్టాలనే గొడవ చెప్పాను. ఊ. పెద్ద మేక అలిగి చొక్కా తినేసిందన్నాను. ఊ. గీకుడు చప్పుడు కూడా వినిపిస్తోంది. పక్కన బాబాయ్ మొహం విప్పారింది. నాకూ చెప్పటం వచ్చేసిందనుకున్నాను.

దర్జీ కూతురు నవ్విన చోటికి వచ్చాను. ఆ నవ్వు దగ్గర ఒక్క క్షణం ఆగబోయాను. నేను ఆగకముందే ఊ వచ్చింది.

చెప్పేవాళ్లకి తెలీదు గానీ ఊ కొట్టేవాళ్లకి తెలుసు. నిజంగా వినే మనిషి ఊ మాట అయ్యాక ఒక్క రవ్వ ఆలస్యంగా వస్తుంది. విన్నది లోపలికి వెళ్లి తిరిగి రావాలి కదా. ఇది ముందే వచ్చేసింది. గీకుడు చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నిజంగా వింటోందో లేదో చూద్దామని చెప్పాను, దర్జీ లేచి మేకలన్నిట్నీ కోసి కూర వండేశాడని. పేర్రాజు కథలో అలాంటిది లేదు, ఆయన కథల్లో ఎవర్నీ కోయరు. మరిడి ఊ అంది. హాయిగా, నిద్రలో పిల్ల అన్నట్టు.

లాగండి అని అరిచాను. పైకొచ్చేసరికి మాస్కు బిగింపు ఒకవైపు ఊడి ఉంది. చెవుల్లోంచి నెత్తురు. మింగిన నీళ్లు కక్కించేసరికి మా చేతులు పడిపోయాయి.

బహుళ అష్టమి

మరిడి చెవుల్లో దూది పెట్టుకుని మా ఇంట్లోనే పడుకుంది. కుడి చెవి బాగుపడుతుందట. ఎడమ చెవి సంగతి డాక్టరు గారు చెప్పలేదు.

ఆ కథ ఎప్పుడు విన్నావే అని అడిగాను. తను మొట్టమొదటిసారి దిగినప్పుడు అన్నయ్య చెప్పాడంది. మరి నేను మొదలుపెట్టగానే వైరులో చెప్పొచ్చు కదా, తెలిసిన కథ, ఆపు వదినా అని. మరిడి చెవిలో దూది సర్దుకుంది.

"అన్నయ్య కత కదా. ఇంకోసారి ఇనాలనిపించింది."

దాన్ని కొట్టాలనిపించింది. కొట్టటానికి లేచి, దాని పక్కనే కూలబడ్డాను. కాసేపటికి అది కళ్లు మూసుకునే మళ్లీ అంది.

"ఆ దర్జీ కూతురు నేనే వదినా. చిన్నప్పుడు నేనలా నవ్వేదాన్నంట."

అక్కడితో నేను అడగటం ఆపితే బాగుండేది. ఆపలేదు. మా ఇద్దరికీ ఇంత జరిగాక ఇంకా నియమమేంటని ఒక్కొక్క కథా తీశాను. గాలిపటానికి కట్టిన గుడ్డి గుర్రం. విన్నాను అంది. దొంగకి అన్నం పెట్టి దారి చూపించిన పోలీసు. అదీ విన్నానంది. నా మొదటి కాన్పు పోయినప్పుడు, నన్ను మళ్లీ మనిషిని చెయ్యటానికి ఆయన కట్టిన చుక్కలేరే పిల్ల కథ. దానికి మరిడి తల ఊపలేదు. మొహం పక్కకి తిప్పుకుంది. విన్నదని అర్థమైంది.

అన్నీ. ఒక్కటి కూడా మిగల్లేదు. కష్టపడి ఒక కథ కట్టేవాడు, నాకు చెప్పేవాడు, చెల్లెలికి చెప్పేవాడు. మేం పైన ఒకరికొకరు చెప్పుకోం కాబట్టి సాగిపోయింది. ఎవరిది వాళ్లకే అనుకుని ఇద్దరం మురిసిపోయాం.

ఆలోచిస్తే ఆయన తప్పేం లేదు. దిగేవాళ్లు ఇద్దరు, చెప్పేవాడు ఒక్కడు, రోజుకి రెండు కథలు ఎవడు కట్టగలడు. అది ఇప్పుడు రాస్తున్నాను గానీ ఇవాళ పొద్దున అలా అనుకోలేదు. గోడకున్న ఆయన చొక్కా తీసి నేలకేసి కొట్టాను. బతికి ఉన్నప్పుడు ఇంట్లో ఒక్క మాట ఇవ్వలేదు, చచ్చాక నీళ్లల్లో ఇచ్చినవి కూడా లాక్కున్నావు అని ఆ చొక్కాని తిట్టాను. మరిడి నిద్రపోయిందనుకున్నాను. కుడి చెవికి వినపడిందట.

అమావాస్య

ధార తీగలా పడుతోంది. ఇవాళ పెద్దలంతా నీటి గది ముందు కూర్చున్నారు. వచ్చే అష్టమిలోపు జాలీ తెరుచుకోకపోతే గొలుసులు విప్పేస్తారు. పంట్లని తలా ఒక ఊరికీ లాక్కుపోవటమే. చుట్టాలున్నవాళ్లు చుట్టాల దగ్గరికి, లేనివాళ్లు ఎక్కడ చోటిస్తే అక్కడికి. పక్క ఊళ్లవాళ్లు అప్పుడే కబురు పెట్టారు, ఎవరెవరు కావాలో. వలలు అల్లేవాళ్లు కావాలి, డాక్టరు కావాలి, చెవి బాగుపడితే మరిడి కావాలి. నన్నెవరూ అడగలేదు. నేను దిగటానికి వీల్లేని దిగేదాన్ని.

సూరమ్మ అక్కడే కూర్చుని, తన కోడలు ఒక పంటులో తను ఒక పంటులో పోవాలంటే ఎలాగని ఏడ్చింది. అన్ని నేరాలు చెప్పిన మనిషే.

సభ అయ్యాక నేను దక్షిణం అంచుకి వెళ్లాను. చేతిలో మాస్కు ఉంది. వైరు లేదు. బాబాయ్, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నాను. వైరు లేకుండా దిగితే ఆ గొంతు మళ్లీ వినపడుతుంది. ఈసారి ఎవరూ లాగరు. నేను చేసేది అంతకంటే పెద్ద పనిలా అనిపించలేదు. అందరూ ఎటో ఒకటి పోతున్నారు, నేనూ ఇటు పోతాను, అంతే.

మరిడి వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలోంచి మాస్కు తీసుకుని తన కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. అది అలా బోలెడు డబ్బాల మీద కూర్చోవటం నేను చూశాను గానీ, ఇంత గట్టిగా కూర్చోవటం ఎప్పుడూ చూడలేదు. సప్తమికి తను దిగుతుందట, డాక్టరు గారు ఒక చెవితో దిగొచ్చన్నారట. అబద్ధం. డాక్టరు గారు అలా అనరు.

ఇంకేం చెప్పనే నీకు, నా దగ్గరేముంది అన్నాను.

"అన్నయ్య ఎలా పోయేడో నాకెవరూ సెప్పలేదు వదినా."

అవును. ఆయన పోయినప్పుడు మరిడి ఉత్తరం ఊరివాళ్ల జాలీ గీకటానికి వెళ్లింది. వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అడగలేదు. నేనూ చెప్పలేదు. అది కథ కాదే అన్నాను.

"నాకు తెలీదు కదా. నాకు తెలీందేదైనా నాకు కతే."

శుద్ధ సప్తమి

బాబాయ్ ఒప్పుకోలేదు. పోయినవాళ్ల మాట నిద్దర నీళ్లల్లో ఎత్తితే వాళ్లు పిలుస్తారని ఆయన భయం. నన్ను ఇప్పటికే పిలిచారు కదా, ఇంకేం మిగిలిందన్నాను. మరిడి అప్పటికే తొడుగు వేసుకుని నిచ్చెన మీద ఉంది. ఆయన గిరక దగ్గర కూర్చుని దండం పెట్టుకున్నాడు.

వైరు పట్టుకున్నాను. మీ అన్నయ్యకి జ్వరం వచ్చింది అని మొదలుపెట్టాను. ఊ. మందు వేసుకోనని మొండికేశాడు. ఊ. దుప్పటి కప్పితే తీసేస్తాడు, తీస్తే వణుకుతాడు, ఏం కావాలో నోరు తెరిచి చెప్పడు, నేను తిట్టాను. ఊ. ఆ ఊ నిజమైనదే, మాట అయ్యాకే వస్తోంది. గీకుడు చప్పుడు మొదలైంది.

మూడో రోజు సాయంత్రం నేను గంజి కాస్తుంటే, వెనకనుంచి, ఒక ఊళ్లో ఒక పెళ్లివంట మనిషి ఉండేది అన్నాడు. నేను తిరిగి చూశాను. ఇంట్లో, మంచం మీద, ఆయన నాకు కథ చెబుతున్నాడు.

కింద గీకుడు ఆగింది. "ఇంట్లోనా?" అంది మరిడి.

ఇంట్లోనే. గరిటె చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ వంటమనిషి ఎక్కడో పెళ్లికి వండటానికి బయల్దేరింది, నెత్తిన పెద్ద గుండిగ. దారిలో వాన. వాన కాస్తా వరదయింది. ఆవిడ ఏం చేసిందంటే గుండిగ నీళ్లల్లో పెట్టి అందులో ఎక్కి కూర్చుని గరిటెతో తెడ్డు వేసింది. పెళ్లి ఎక్కడో తెలీదు, కనపడిన ఇంటినల్లా అడుగుతోంది, ఇక్కడ పెళ్లా అని. కుక్క ఒకటి గుండిగలోకి దూకింది, నీకు పిలుపుందా అని దాన్నీ అడిగింది. మరిడి వైరులో ఫక్కున నవ్వింది. నేనూ ఆ రోజు నవ్వాను. నవ్వుతుంటే ఆయన నా వంక చూశాడు. దర్జీ కూతురు నేను కాదుగా, నేను నవ్వటం అప్పటిదాకా ఆయన వినటమే గాని చూడలేదు.

ఆఖరికి నీళ్లల్లోంచి ఒక ఇంటి పైకప్పు కనపడింది. పచ్చటి మావిడాకుల తోరణం ఇంకా వేలాడుతోంది. వంటమనిషి గుండిగని ఆనించి, పెంకు మీద గరిటెతో టకటకా కొట్టింది. లోపల్నుంచి, అన్నాడు.

అక్కడ ఆగాడు.

ఊ, అంది మరిడి.

నేనూ అదే అన్నాను మరిడీ. ఊ అన్నాను. దమ్ము తీసుకుంటున్నాడనుకున్నాను. ఇంకోసారి అన్నాను. గంజి పొంగి పొయ్యి ఆరిపోయింది. నాకు తెలిసిపోయింది, తెలిసినా ఊ కొడుతూనే ఉన్నాను. ఊ ఆపితే లాగేస్తారు కదా, ఆయన్ని ఎవరు లాక్కుపోతారో నాకు తెలుసు కదా. మనుషులు వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టేదాకా కొట్టాను.

అయిపోయింది. చెప్పాల్సింది చెప్పేశాను. వైరు చేతిలో ఉంది, నా దగ్గర ఇంకొక్క మాట లేదు. కింద గీకుడు లేదు. ఊ లేదు. బాబాయ్ గిరక మీద చెయ్యి వేశాడు. లాగితే ఈ ఊరు ఇక్కడితో సరి, లాగకపోతే మరిడి సరి.

"వదినా," అంది మరిడి. మాట ముద్దగా వచ్చింది. "లోపల ఎవరున్నారు?"

"తెలీదే. ఆయన చెప్పలేదు."

"నువ్వు సెప్పు. ఇక్కడ చానా హాయిగా ఉంది వదినా. తొరగా సెప్పు."

ఆ హాయి నాకు తెలుసు. దాని చెయ్యి ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటుందో కూడా తెలుసు. లోపల్నుంచి, అన్నాను. లోపల్నుంచి ఒక ముసలావిడ గొంతు వినపడింది. ఎవరే అది, వంట మనిషివేనా, పొద్దున్ననగా రావలసినదానివి ఇప్పుడా రావటం, అంది.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు. తిట్టు కాబట్టి వచ్చి ఉంటుంది, తిట్లు నాకు అలవాటే. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత, ఆలస్యంగా, ఊ అంది మరిడి.

ఇక నేను ఆగలేదు. వంటమనిషి తక్కువ తినలేదు, వరదని అడగవమ్మా నన్నెందుకు అడుగుతావు అంది. ఇద్దరికీ పెంకుల మీంచే పెద్ద గొడవైంది. ఎంతమందికి వండాలని వంటమనిషి అడిగింది. లోపలంతా చీకటి, ఎంతమందున్నామో మాకే తెలీదు, ఒక్కొక్కళ్లనీ పైకి లాగి నువ్వే చూసుకో అంది ముసలావిడ. వంటమనిషి పెంకులు ఊడబీకింది. చెయ్యి లోపలికి పెట్టింది. మొదట చేతికి తగిలింది ఒక జడ. పట్టుకుని లాగితే అమ్మా అని అరుస్తూ పెళ్లికూతురు, నోట్లో బొబ్బట్టు. వరదొస్తే ముందు బొబ్బట్లు మునిగిపోతాయని అన్నీ తనే తినేస్తోందట.

మరిడి నవ్వు వైరులో బుడగలు బుడగలుగా వచ్చింది. ఆ వెనకే గీకుడు చప్పుడు. ఎంత గట్టిగా గీకుతోందంటే వైరు నా చేతిలో అదిరింది. నేను చెబుతూనే ఉన్నాను. పెళ్లికూతురికీ ముసలావిడకీ, ముసలావిడకీ కుక్కకీ తగువులు పెట్టాను. నీటి గదిలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి ఏదో అరిచారు, నేను వినిపించుకోలేదు. బాబాయ్ నా భుజం పట్టుకుని కుదిపాడు. తూములో నీళ్లు దభాలున పడుతున్న చప్పుడు అప్పుడు విన్నాను.

శుద్ధ అష్టమి

మరిడి తెల్లారగానే వచ్చేసింది. ఎడమ చెవి ఇక లేనట్టే, కుడి చెవి నా నోటి దగ్గర పెట్టి, పెళ్లికూతురి తర్వాత పైకొచ్చింది ఎవరని అడిగింది. పైన అడగకూడదన్నాను. జాలీకి ఉత్తరం పక్క ఇంకా గుల్లలు మిగిలాయట, ఇవాళే దిగుతుందట. ఎంత అబద్ధమో నాకు తెలుసు, నిన్న తోమిన తోముడికి అక్కడ తుప్పు కూడా మిగిలి ఉండదు. సరే దిగు అన్నాను. అది పరిగెత్తింది.

నిజానికి ఎవరొస్తారో నాకే తెలీదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఆయన గుర్తొచ్చి ఏడ్చాను. అది తగ్గిందని ఎవరూ అనుకోవద్దు, ఇవాళ ఇంకా ఎక్కువే ఏడ్చాను. ఏడుస్తుంటే నాకు కనపడింది. ఆ చీకటింట్లో ఒక మూల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నీళ్లు మెడ దాకా వచ్చాయి. అందరూ అరుస్తున్నారు, అతను ఒక్కడే ఉలకడు, పలకడు. ఇక్కడున్నానని కూడా చెప్పడు. వంటమనిషి చెయ్యి చాపి వెతుకుతుంది, దొరకడు. ఇంకా వంగుతుంది. గుండిగ ఒరిగిపోతున్నా వంగుతుంది. ఆ చెయ్యి దొరుకుతుంది. బరువైన మనిషి, వెంటనే రాడు, కానీ లాగుతుంది.

మరిడి మాస్కు బిగించుకుని నన్ను పిలుస్తోంది. వెళ్లాలి. పైకి లాగాక అతనికి ముందు ఏదైనా తినటానికి పెట్టాలి. చాలా ఆకలిగా ఉండి ఉంటాడు. గుండిగలో ఏం వండాలో దారిలో ఆలోచిస్తాను.